బెల్లంతో పోని ఆయాసం

నా చిన్నప్పుడు జరిగిన ఈ సంగతిలో ఒక్క అక్షరం కూడా కల్పన లేదని, ఇప్పుడే తిన్న జొన్నరొట్టె సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. మా ఇంట్లోవాళ్లు నా ప్రమాణాలను పట్టించుకోరు. మీరైనా నమ్మండి.

ఆదోనిలో మా అవ్వ పత్తి మిల్లులో పనిచేసేది. గింజ తీసే యంత్రాల దగ్గర దూది నుసి మంచులా కమ్ముకునేది. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి అవ్వ కనుబొమలు తెల్లగా ఉండేవి. ఒకసారి ఆమె తుమ్మితే దిండుకు సరిపడా దూది రాలింది. మిల్లు నుంచి వచ్చినవాళ్లంతా ముందు ఒక బెల్లం ముక్క నోట్లో వేసుకునేవాళ్లు, గొంతులోని నుసిని అది కడిగేస్తుందని. అందుకే మిల్లు మనిషికి ఆయాసం వస్తే ఎందుకని ఎవరూ అడిగేవాళ్లు కాదు. ఇంకొంచెం బెల్లం పెట్టేవాళ్లు.

ఆ వేసవిలో సరుకు లేక మిల్లు మూశారు. నెల దాటినా అవ్వ ఆయాసం తగ్గకపోగా పెరిగింది. కుళాయి నుంచి బిందె తెస్తూ మూడుచోట్ల దించేది. పడుకుంటే ఊపిరాడక, గోడకు బొంత ఆనించుకుని కూర్చునే కునుకు తీసేది. "లోపల సేరిన నుసి, యా పొద్దుకో పోతాది లేరా" అంటూ బెల్లం చప్పరించేది.

ఒక మధ్యాహ్నం ఆమె అట్లా కునుకుతుంటే, ఊరికే ఆమె కాలి మీద వేలితో నొక్కాను. గుంట పడింది. వేలు తీసినా పూడలేదు. పక్కన ఇంకొకటి నొక్కాను. చింతపిక్కలు పెట్టుకుని ఆడేంత గుంటలు. నా గుండె ఝల్లుమంది. అవ్వకు ఏదో అయిందని పరుగెత్తి, ఆసుపత్రిలో ఆయాగా పనిచేసే పక్కింటి అక్కను చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను.

అక్క కింద కూర్చుని ముందు తన కాలు నొక్కుకుంది, తర్వాత అవ్వ కాలు నొక్కింది. అవ్వకు మెలకువ వచ్చింది.

"నా కాలు సూడవ్వా, నీ కాలు సూడు."

"అంతా ఆ పత్తి మహిమలేమ్మా."

"నుసి ముక్కులోకి పోతాది, గొంతులోకి పోతాది. కాళ్లలోకి యాడ నుంచి పోతాదవ్వా?"

అవ్వ తన కాలు తనే నొక్కి చూసుకుంది. తర్వాత అసలు భయం బయటపడింది. "ఆస్పత్రిలో రోగమని సెప్తే, మిల్లోళ్లు మళ్లీ పన్లోకి రానీరు తల్లీ."

"పనికి పోవల్లంటే ముందు నువ్వు ఉండల్ల గదా."

అక్క మమ్మల్ని ఆసుపత్రికి తీసుకుపోతే, గుండె బలహీనపడి ఒంట్లో నీరు చేరిందని డాక్టరు చెప్పాడు. ఇంకో వారం ఆగి ఉంటే అని మొదలుపెట్టి, నన్ను చూసి ఆ మాట మింగేశాడు. అక్కడ మేం కూర్చున్న బల్ల మీదే ఎమ్మిగనూరు నుంచి వచ్చిన ఒక నేతగాడు ఆయాసపడుతూ ఉన్నాడు. మగ్గం ముందు వంగి వంగి వచ్చిందని ఇంట్లో అనుకున్నారట. తీరా చూస్తే ఆయనకు నెత్తురు తక్కువ. తిరిగి వచ్చేటప్పుడు అక్క నాతో అంది, "ఆయాసం రొమ్ములోంచే రావల్లని లేదురా. గుండెతో వస్తాది, నెత్తురు లేక వస్తాది. మనిషి సేసే పని సూసి రోగం పేరు పెట్టగూడదు."

మాత్రలు వేసుకుని, ఉప్పు తగ్గించాక, కొన్నాళ్లకు అవ్వ వెల్లకిలా పడుకుని నిద్రపోయింది. ఆ గురకకు గుంతకల్లు పోయే రైలు కూతపెట్టి జవాబిచ్చింది. మిల్లుకు మాత్రం మళ్లీ పోలేదు. తొమ్మిదేళ్లు బతికింది.

ఇప్పటికీ పెద్దవాళ్ల కాళ్లకు మొక్కేటప్పుడు నా బొటనవేలు చీలమండ పైన ఒక్క క్షణం గట్టిగా ఆగుతుంది. ఎవరైనా ఆయాసపడితే, ఏం పని చేస్తావని కాకుండా, పడుకుంటే ఎట్లా ఉంటుందని అడుగుతాను.

దిండు, రైలు సంగతి మీరు ఎట్లాగూ పట్టేసి ఉంటారు. ఒప్పుకోవలసిన అబద్ధం వేరే ఉంది. ఆ రోజు నా గుండె ఝల్లుమనలేదు. ఆ గుంటల్లో నిజంగానే చింతపిక్కలు పేర్చాను. నా కొత్త ఆట చూసి నవ్వుతుందని అక్కను లాక్కొచ్చాను.

అక్క నవ్వలేదు.