వరసలో చివరి పుస్తకం

నాకు ఏ జబ్బుందో నాకే సరిగ్గా తెలియదు. బీపీ అని మందుల పుస్తకంలో రాసి ఉంది కాబట్టి ఉందనే అనుకుంటాను. అది కాక గుండెల్లో ఏదో బరువు. మంగళవారం పొద్దున లేవగానే తగ్గుతుంది, బుధవారానికల్లా మళ్ళీ వచ్చి కూర్చుంటుంది. మంగళవారం మా ఊరి ఆస్పత్రిలో బీపీ, షుగరు చూసే రోజు. ఆస్పత్రికి పోకముందే తగ్గిపోయే జబ్బును ఏమనాలో ఇప్పటికీ నాకు అర్థం కాలేదు.

ముప్పై ఏళ్ళు చిత్తూరు, తిరుపతి మధ్య తిరిగే బస్సులో కండక్టరుగా చేశాను. పూతలపట్టు దగ్గర జనం ఎగబడితే "ముందుకు జరగండప్పా, లోపల ఖాళీగా ఉండాది" అని రోజుకు నూరుసార్లు అరిచిన నోరిది. రిటైరయ్యాక ఈ నోటికి పని లేకుండా పోయింది. నా భార్య ఉన్నన్నాళ్ళు నేను ఆమె మీద అరిచేవాణ్ణి, ఆమె నా మీద అరిచేది, పొద్దు గడిచిపోయేది. ఆమె పోయి రెండేళ్ళయింది. అలాగని ఇల్లు బోసిగా ఏమీ లేదు. కొడుకు మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో షిఫ్టుకు పోతాడు, వచ్చి పడుకుంటాడు. కోడలు పాలకేంద్రం చూసుకుంటుంది. మనవరాలికి చదువుంది, ఫోనుంది. ముగ్గురూ మంచివాళ్ళే. "మామా, అన్నం పెట్టినా" అని కోడలు వేళ తప్పకుండా పిలుస్తుంది. ఆ ఇంట్లో రోజు మొత్తం మీద నాతో అనే మాట దాదాపు అదొక్కటే.

మా ఆస్పత్రిలో వరసలో మనుషులు నిలబడరు, పుస్తకాలు నిలబడతాయి. రేకుల షెడ్డు కింద సిమెంటు బెంచీ ఉంది. వచ్చినవాళ్ళు వచ్చినట్టు తమ మందుల పుస్తకాన్ని దాని మీద పెట్టి, గాలికి ఎగరకుండా ఏదో ఒక బరువు ఉంచి, గోడ నీడకు పోయి కూర్చుంటారు. ఒకామె చింతపండు పొట్లం పెడుతుంది. ఒకాయన కళ్ళజోడు పెట్టె పెడతాడు. నేను తాళంచెవి పోయిన పాత తాళంకప్ప పెడతాను. ఆయా ఒక్కో పుస్తకం తీసి పిలుస్తుంది. లోపల డాక్టరమ్మ ముందు ఒకరు కూర్చుంటే, వాళ్ళ వీపుకు ఆనుకుని తరవాతి ముగ్గురూ నిలబడి ఉంటారు. ఒకరి జబ్బు నలుగురూ వింటారు, ముగ్గురు వైద్యం చెబుతారు. చివర పోయిన మనిషికి మాత్రం వెనక ఎవరూ ఉండరు.

ఆ చివరి చోటు కోసమే నా తాపత్రయమంతా. డాక్టరమ్మ చిన్నపిల్ల, మా మనవరాలికి అక్కలా ఉంటుంది. అందరికీ గబగబా రాసిచ్చి పంపేసి, చివరి మనిషి వచ్చేసరికి పెన్ను కింద పెట్టి, నీళ్ళు తాగి, "ఇప్పుడు చెప్పు తాతా" అంటుంది. ఆ మాట కోసం నేను వారమంతా కాచుకునేవాణ్ణి. సిగ్గు విడిచి చెబుతున్నాను, అంతే. వచ్చినవాళ్ళకల్లా "నువ్వు ముందు పెట్టుకోమ్మా, నాదేముండాది" అని నా పుస్తకాన్ని వెనక్కి జరిపేవాణ్ణి. ముప్పై ఏళ్ళు అందర్నీ ముందుకు తోసినవాణ్ణి కదా, అలవాటైన పనే. పెద్ద ధర్మాత్ముణ్ణని ఆడవాళ్ళలో పేరు కూడా వచ్చింది.

అంతా సవ్యంగా సాగుతుంటే నాకొక పోటీదారు తయారయ్యాడు.

పక్క ఊరి రైతు, నా ఈడువాడే. చెరకు పండించి బెల్లం వండుతాడని ఎవరో అన్నారు. పంచె, భుజాన తువ్వాలు, వాటికింద కాళ్ళకు నల్లటి బూట్లు, మేజోళ్ళు! మిట్టమధ్యాహ్నం ఎండలో, పంచె కింద బూట్లు. "ఏమప్పా, పరుగు పందేనికి పోతా ఉండావా?" అన్నాను మొదటి రోజే. అతను నవ్వేసి కాళ్ళు లోపలికి ముడుచుకున్నాడు. పుస్తకం మాత్రం తెచ్చి నా పుస్తకం వెనక పెట్టాడు. నేను లేచి నాది అతని వెనక్కి మార్చాను. నీళ్ళు తాగే వంకతో లేచి అతను తనది మళ్ళీ మార్చాడు. అప్పుడు తెలిసింది, ఇతను కూడా చివరి చోటుకే వచ్చాడని.

పాము కాళ్ళు పాముకే ఎరుక అంటారు కదా, ఇతనూ నాలాగే మాటల కరువులో ఉన్నవాడని తేల్చేశాను. ఆ తరవాత ప్రతి మంగళవారం ఇదే వరస. ఇద్దరు ముసలాళ్ళం చిన్నపిల్లల్లా బెంచీ చుట్టూ తిరుగుతుంటే ఆయా విసుక్కునేది. పేరు నేనడగలేదు, అతనూ అడగలేదు. ఎక్కువసార్లు నేనే నెగ్గేవాణ్ణి. ఒకటి రెండుసార్లు అతను చివర మిగిలినప్పుడు కూడా, నేను మాత్రల కిటికీ దగ్గర ఏదో అడుగుతున్నట్టు నటిస్తూ తలుపు పక్కనే నిలబడ్డాను, ఏం మాట్లాడతాడో విందామని. అతను ఒకసారి వెనక్కి తిరిగి నన్ను చూశాడు. "ఇంకేమన్నా ఉందా పెద్దాయనా?" అని డాక్టరమ్మ అడిగితే "ఏమీ లేదమ్మా" అని లేచి వచ్చేశాడు. మాట్లాడటం చేతకానివాడికి చివరి చోటెందుకు, అనుకున్నాను నేను.

మధ్యలో ఒకసారి నాలుగు రోజులు సూళ్లూరుపేటలో కూతురింటికి పోయి వచ్చాను. అక్కడ మేడ మీద నుంచి రాకెట్టు చూశాను. ఎన్నో ఏళ్ళుగా వాళ్ళు ఫోనులో చెప్పేదే తప్ప ఎప్పుడూ చూసింది లేదు. శ్రీహరికోట వైపు నుంచి అది లేచినప్పుడు ముందు వెలుగు కనబడింది, కాసేపటికి గాని శబ్దం రాలేదు. వచ్చాక కిటికీ తలుపులు అదిరాయి. నా కళ్ళల్లో నీళ్ళు ఎందుకు తిరిగాయో తెలీదు. పక్కకు తిరిగి "చూసినావా" అనబోయి, పక్కన నా భార్య లేదని గుర్తొచ్చింది. ఇంటికొచ్చి కొడుకుతో చెబితే "టీవీలో చూసినా నాయనా" అన్నాడు. ఇక ఆ కథను డాక్టరమ్మ కోసం మూటగట్టి పెట్టుకున్నాను.

ఆ మంగళవారం నేను కండక్టరు బుద్ధి చూపించాను. పుస్తకాన్ని చొక్కా లోపల దాచి, మనవరాలి పాత నోటుపుస్తకం ఒకటి బెంచీ చివర పెట్టి, దాని మీద తాళంకప్ప ఉంచి కూర్చున్నాను. అది నా మందుల పుస్తకమే అనుకుని అతను తనది దాని తరవాత పెట్టి నిశ్చింతగా కూర్చున్నాడు. పుస్తకాలన్నీ అయిపోతుండగా, ఆయా ఆ నోటుపుస్తకాన్ని పక్కన పడేసి అతన్ని లోపలికి పిలిచాక, నాది తీసి ఆమె చేతిలో పెట్టాను. నేను పోయి అతని వీపు వెనక నిలబడేసరికి తిరిగి చూశాడు. ఆ చూపును ఓడిపోయినవాడి చూపు అనుకున్నాను. ఒక్క నిమిషంలో మాత్రలు రాయించుకుని లేచాడు. "మీరు కొంచేపు బయట ఉంటారా?" అన్నాడు నాతో, మెల్లగా, మీరు అని. "ఏమప్పా, నీదైపోయింది గదా, జరుగు ముందుకు" అన్నాను. జరిగాడు. ఆ రోజు నేను రాకెట్టు కథంతా చెప్పాను. డాక్టరమ్మ గడ్డం కింద చెయ్యి పెట్టుకుని విన్నది.

తరవాతి మంగళవారం అతను రాలేదు. పోటీ లేకుండా చివర మిగిలాను. ఆ పై వారం కూడా రాలేదు. చిత్రమేమిటంటే నా బీపీ పెరిగింది. ఈసారి నిజంగానే పెరిగింది. "ఏమైంది తాతా, మాత్రలు వేసుకోవడం లేదా?" అని డాక్టరమ్మ కోప్పడింది. వేసుకుంటున్నానని చెప్పాను. అతని గురించి అడుగుదామంటే పేరు తెలియదు. బయటికొచ్చి ఆయాను అడిగాను, "ఆ బూట్లాయన రాలేదేం?" అని.

"నీకు తెలీదా? కాలు పుండైపోయింది. షుగరు కదా. ఎన్ని వారాల్నుంచో ఆ బూట్లలో పెట్టుకోని తిరగతా ఉండాడంట. వాసనొస్తాదని ఎవురి ముందరా ఇప్పలేదంట. తిరపతి పెద్దాసుపత్రిలో రెండేళ్ళు తీసేసినారు."

ఏళ్ళంటే వేళ్ళని తెలిసేసరికి నేను బెంచీ మీద కూర్చుండిపోయాను. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. అతనికి కావలసింది కబుర్లు కాదు, బూటు విప్పేందుకు మనుషులు లేని గది. నాకు ఒళ్ళు మండింది, ముందు అతని మీదే. నోరుంది కదా, చెప్పొచ్చు కదా! "బయట ఉంటారా" అని అడిగాడు కదా అని వెంటనే గుర్తొచ్చింది. నావల్లేనా? పుండు నేను చెయ్యలేదు. మరి నావల్ల కాదా? రోజుల తరబడి ఇదే తిప్పి తిప్పి ఆలోచించాను. ఇంట్లో చెబుదామంటే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. చివరి చోటు నాకెందుకు కావాలో ముందు చెప్పాలి కదా.

అతను మళ్ళీ వచ్చిన రోజున చేతిలో కర్ర ఉంది, కాలికి కట్టు ఉంది, బూట్లు లేవు. ఆటో దిగి కుంటుకుంటూ వచ్చి నా పక్కనే కూర్చుని, కట్టు కట్టిన కాలు అందరికీ కనబడేట్టు చాపుకున్నాడు. నేను లేచిపోదామనుకున్నాను గాని లేవలేకపోయాను.

"బాగుండావాప్పా?" అన్నాడు అతనే ముందు. నేను తలూపాను. "ఆస్పత్రిలో పండుకోనుంటే నువ్వే గుర్తొస్తా ఉంటివి" అన్నాడు. తిట్లకు సిద్ధపడ్డాను. అతను నా వైపు వంగి గొంతు తగ్గించాడు. "నాదంటే ఈ కాలు. నలుగురిలో సూపీలేక ఎనకపడినా. నీదేందప్పా? నాకంటే ముందునించీ ఎనకపడతా ఉండావే. అంత సెప్పుకోలేనిదా? నా మాదిరి ముదరబెట్టుకోబాకు."

"నాకేమీ లేదప్పా" అన్నాను.

"నేనూ అదే గదా అంటా ఉంటి" అన్నాడు.

అతను కర్ర ఊతంతో లేచి, నా తాళంకప్పను, పుస్తకాన్ని తీసి అన్నిటికన్నా చివర పెట్టాడు. తన పుస్తకాన్ని ముందుకు జరుపుకున్నాడు. "నువ్వు కడాన పో. నేను తలుపు కాడ కూసుంటా. ఎవుర్నీ రానీను." అన్నట్టే చేశాడు. నా వంతు వచ్చేసరికి గుమ్మానికి అడ్డంగా కుర్చీ వేసుకుని, వీపు మా వైపు తిప్పి, కట్టు కాలు చాపుకుని కూర్చున్నాడు. మాత్రల కోసం వచ్చిన ఒకామెను "ఉండమ్మా, ఆయప్ప సూపించుకోనీ" అని ఆపేశాడు.

"ఇప్పుడు చెప్పు తాతా" అంది డాక్టరమ్మ. "ఇంట్లో మాట్లాడేవాళ్ళు లేరమ్మా, అందుకే వస్తా ఉండా" అన్నాను. ఆమె పెన్ను తీసుకుంది, ఏమీ రాయకుండా మళ్ళీ కింద పెట్టింది. నా చెయ్యి పట్టుకుంది.

బయటికి వచ్చాక అతను ఆత్రంగా లేచి నిలబడ్డాడు. "సూపిస్తివా?" అన్నాడు.

ఇక దాచుకోలేకపోయాను. "నాకు ఏ జబ్బూ లేదప్పా. ఊరికే మాట్లాడేదానికి వచ్చేవాణ్ణి. నువ్వు బయట ఉండమనిన రోజు, నేను లోపల కూర్చోని రాకెట్టు కథ చెప్పినా. దానికే నిన్ను పంపించేసినా" అన్నాను.

అతను నా ముఖంలోకి చూశాడు. కోపమో, జాలో, నేను చెప్పింది అసలు అర్థమే కాలేదో, నాకు తెలియలేదు. ఇప్పటికీ తెలియదు. తరవాత మెల్లగా బెంచీ మీద కూర్చుని, పక్కన చేత్తో తట్టి నాకు చోటు చూపించాడు.

"రాకెట్టా? నేనెప్పుడూ సూల్లేదు" అన్నాడు. "ఎట్లుంటాదప్పా అది, పైకి పోతా ఉంటే?"

నేను పక్కన కూర్చున్నాను. నోరు తెరిచాను. ఆ కట్టు కాలు ఎదురుగా ఉంది, ఒక్క ముక్క కూడా చెప్పలేకపోయాను.