మూర్తి గారి తెల్లచొక్కా, నా ల్యాప్‌టాప్ పూజ

ఒక పెద్దమనిషి తెల్లచొక్కా మీద పసుపు కుంకుమలు చల్లి, ఆయన కాపురానికి ఎసరు పెట్టి, నా ఉద్యోగానికి నేనే నీళ్లొదులుకోబోయిన కథ ఇది. చేతబడి చేశానేమో అనుకోకండి. నేను చేసిందల్లా ఒక ల్యాప్‌టాప్ కొనడం, దానికి భక్తిగా పూజ చెయ్యడం. ఆ రెంటిలో ఏది పెద్ద తప్పో ఇప్పటికీ మా అమ్మకూ నాకూ వాదన నడుస్తూనే ఉంది.

తెలంగాణ రావడానికి రెండేళ్ల ముందు మాట. ఉప్పల్‌లో అమ్మా నేనూ ఉండేవాళ్లం. నాచారంలో మందుల కంపెనీలకు స్టీలు ట్యాంకులు చేసిచ్చే ఒక షెడ్డులో డ్రాయింగులు గీసే పనికి కొత్తగా చేరాను. ఆరు నెలలు చూసి, పని నచ్చితే పర్మినెంట్ చేస్తానని యజమాని యాదయ్య సేటు అన్నాడు. ఆ పనికి ఓ మాదిరి కంప్యూటర్ చాలు. నేను మాత్రం గేములాడేవాళ్ల కోసం తయారుచేసిన ల్యాప్‌టాప్ కొన్నాను. "ఆఫీసు పనికి గిదే గావాలమ్మా" అని అమ్మకు మొహం చూడకుండా చెప్పాను. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం అంటారు. నేను పిచ్చుకైనా దొరక్కముందే బ్రహ్మాస్త్రం కొనిపెట్టుకున్న రకం.

దానితో రోజువారీ కాపురం ఎలా ఉండేదో చెప్పాలి. దాని చార్జరే ఇటుకంత ఉండేది. బ్యాటరీ గంట కూడా నిలిచేది కాదు, మా వీధిలో కరెంటేమో రెండు గంటలు పోయేది. మీటల కింద ఎర్రలైట్లు వెలిగితే మా ముందు గది వినాయక మండపంలా ఉండేది. నేను గేమ్ పెట్టానంటే లోపలి ఫ్యాన్లు మోత మొదలుపెట్టేవి. పక్కింటామె గోడ మీది నుంచి, "పొద్దుగాలనే ఏం రుబ్బుతున్నవ్ వదినా" అని అమ్మను అడిగేది. అమ్మ మొదట్లో దాన్ని తిట్టింది. తర్వాత దాని వెనకనుంచి వేడిగాలి వస్తుందని కనిపెట్టి, ముసురు పట్టిన రోజుల్లో పాలు తోడేసిన గిన్నెను అక్కడ పెట్టడం మొదలుపెట్టింది. నేను ఇటువైపు ఆఫీసు ఉత్తరం కొడుతుంటే అటువైపు పెరుగు గడ్డకట్టేది.

ఇక బస్సులో కండక్టర్ నా బ్యాగును వేలితో పొడిచి చూసి, "అన్నా, దీనికి లగేజీ టికెట్ తీస్కో. ఏమున్నది ఇండ్ల, గ్రైండరా?" అన్నాడు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అని సామెత. నాకు ఇంట్లో ఫ్యాన్ల మోత, బయట బ్యాగు మోత. అయినా సరే, ఉన్నమాట చెప్పుకోవడానికి సిగ్గెందుకు, అదంటే నాకు ప్రాణం. ఏ వస్తువుతోనూ నేనంత సంతోషంగా లేను.

ఇంతలో దసరా వచ్చింది. మా వైపు దసరాకు బొట్టు పడని ఇనుప ముక్క ఉండదు. షెడ్డులో లేతు మిషన్ నుంచి సుత్తి దాకా అన్నిటికీ పూజ చేస్తారు. "ఎవని పనిముట్టుకు వాడే పూజ జేస్కోవాలె" అని సేటు ముందే చెప్పాడు కాబట్టి, నేను పండగ పొద్దున తలంటుకుని ల్యాప్‌టాప్‌ను పీట మీద కూర్చోబెట్టాను.

అమ్మ పళ్లెం అందించి, "మూత మీద ఒక బొట్టు వెట్టు, దండం వెట్టుకో, సాలు" అంది.

ఒక బొట్టుతో సరిపెట్టడానికి అదేమైనా సుత్తా? దాని వెనక గాలి వదిలే చీలికలు వరసగా ఉంటాయి. నేను ఒక్కో చీలికకూ కుంకుమ అద్దడం మొదలుపెట్టాను.

"గాడెందుకురా?"

"గవి దాని ముక్కులమ్మా. ఊపిరి ఇడిసే జాగ. గాడ వెడితే మస్తు మంచిది."

"ముక్కుల కుంకుమ వోస్తే మనిషైనా తుమ్ముతడు కొడుకా" అంది అమ్మ.

చదువుకున్నవాణ్ని కదా, వినలేదు. కుంకుమ అయ్యాక పసుపు, పసుపు అయ్యాక గుప్పెడు అక్షింతలు. సగం పైన నిలిచాయి, సగం లోపలికి జారాయి. జారినవి కూడా దేవుడికే చేరాయని సర్దుకున్నాను.

తర్వాత రెండు రోజులు ఉత్తరాలే కొట్టాను. ఉత్తరాలకు ఫ్యాన్లు గట్టిగా తిరగవు కాబట్టి ఏమీ జరగలేదు. మూడోరోజు మూర్తి గారు వచ్చారు. ఆయన ఒక మందుల కంపెనీలో ట్యాంకులు ఎవరి దగ్గర కొనాలో తేల్చే మనిషి. గుంటూరు వైపు వారు, మాట మెత్తన, ఇస్త్రీ మడత నలగని తెల్లచొక్కా. సేటు నన్ను పక్కకు పిలిచి, "ఈ ఆర్డరొస్తే నువ్వు పర్మినెంట్. రాలేదనుకో, నీ దుకాణం నువ్వు సర్దుకో" అని చెవిలో ఊదాడు.

ల్యాప్‌టాప్‌ను గోడమీది టీవీకి తగిలించాను. మూర్తి గారు బల్లకు అవతల కూర్చున్నారు. అంటే ల్యాప్‌టాప్ వీపు సరిగ్గా ఆయన గుండెకు ఎదురుగా ఉంది. టీవీలో మా ట్యాంకు గిర్రున తిరుగుతోంది.

"బాగుంది బాబూ. లోపల ఎలా ఉంటుందో కూడా చూపించండి."

ట్యాంకును నిలువునా కోసి చూపించబోయాను. అంత పని పడేసరికి ఫ్యాన్లు లేచాయి.

"ఏమిటండీ ఆ చప్పుడు? పైన హెలికాప్టరేమైనా వెళ్తోందా?"

"ఏం లేదు సార్, మిషన్ జర జోరుగున్నది" అన్నాను.

ఆ మరుక్షణం అది తుమ్మింది. కుంకుమ ముందొచ్చింది, దాని వెనక పసుపు, ఆ వెనక అక్షింతలు. దుమారం తగ్గాక చూస్తే, మూర్తి గారు అప్పుడే పెళ్లిపీటల మీది నుంచి లేచొచ్చినట్టున్నారు. మీసాల్లో రెండు అక్షింతలు.

అందరికంటే ముందు సేటు తేరుకున్నాడు. రెండు చేతులూ జోడించి, "దసరా ఆశీర్వాదం సార్" అన్నాడు.

పాపం, మూర్తి గారు రుమాలుతో తుడుచుకున్నారు. తుడిచిన కొద్దీ మరక పొట్ట దాకా పాకింది. ట్యాంకు మొత్తం చూసి, "డిజైన్ బాగుంది. సంగతి రేపు చెబుతాను" అని వెళ్లిపోయారు. నేను తిన్నగా ఉప్పల్‌లో రిపేరు షాపుకు పరుగెత్తాను. షాపతను విప్పి చూసి, "ల్యాప్‌టాప్ దెచ్చినవా, గుడి హుండీ దెచ్చినవా అన్నా?" అని, గాలిమిషన్ పెట్టి గింజ మిగలకుండా ఊదేశాడు. బతికానురా దేవుడా అనుకున్నాను. అనుకోవడం తొందరపాటు.

మర్నాడు సేటు పిలిచాడు. "నీ మిషన్ తీస్కొని ఏఎస్ రావు నగర్‌ల మూర్తి సార్ ఇంటికి పో."

"ఎందుకు సేటు?"

"అంగీ మీద కుంకుమ ఎట్ల వడ్డదని వాళ్ల మేడం అడిగిందట. కంప్యూటర్ సల్లిందని సార్ జెప్పిండట. నువ్వైతే నమ్ముతవా?"

"నమ్మను."

"ఆమె గూడ నమ్మలే. వొయ్యి కండ్లకు సూపియ్యి. లేకుంటే ఆయనకు ఇల్లు లేదు, నాకు ఆర్డర్ లేదు, నీకు నౌకరి లేదు."

మూర్తి గారి భార్య విశాలాక్షి గారు నన్ను కూర్చోబెట్టి కాఫీ ఇచ్చారు. మూర్తి గారు ఇంకో తెల్లచొక్కాలో, పరీక్షా ఫలితాల కోసం నిలబడ్డ పిల్లాడిలా గోడకు ఆనుకుని ఉన్నారు. నేను ట్యాంకు తిప్పాను, కోశాను, మళ్లీ అతికించాను. ఫ్యాన్లు హోరెత్తాయి. కిటికీ పరదా ఊగింది. వచ్చింది స్వచ్ఛమైన గాలి.

"ఇంకాస్త గట్టిగా తిప్పు బాబూ" అన్నారు మూర్తి గారు.

"ఇంతకంటె గట్టిగ తిరగదు సార్." విశాలాక్షి గారి వైపు తిరిగి, "మేడం, నిన్ననే లోపలంత సాఫ్ జేపిచ్చిన" అన్నాను.

"నిన్ననేనా" అన్నారావిడ. "ఎంత బాగా కుదిరిందో."

మూర్తి గారు కళ్లు మూసుకున్నారు. ఆ మొహం చూస్తే నాకు నిజంగా ఏడుపొచ్చింది. నా ఉద్యోగం సరే, అభం శుభం తెలియని మనిషి నా భక్తికి బలైపోతున్నాడు. ఆ బాధలో నా నోటినుంచి ఒక మాట జారింది.

"మేడం, మీ దేవుని అర్రల కుంకుమ ఉంటే జర ఇయ్యున్రి."

ఆవిడ మారుమాట లేకుండా భరిణె తెచ్చిచ్చారు. పసుపు, అక్షింతలు కూడా అడిగాను. సాక్ష్యం పూర్తిగా ఉండాలి కదా. ఆవిడ కళ్ల ముందే అన్నీ చీలికల్లో పోశాను. ఎవరికీ తగలకుండా ల్యాప్‌టాప్ వీపును ఖాళీ గోడవైపు తిప్పి, ట్యాంకును మళ్లీ నిలువునా కోశాను. ఈసారైనా పనిచేస్తుందో లేదోనని ఆత్రం ఆపుకోలేక, మూర్తి గారు సరిగ్గా అప్పుడే ఆ గోడ దగ్గరికి వచ్చి వంగి చూశారు.

నిన్నటికంటే బాగా తుమ్మింది.

విశాలాక్షి గారు నవ్వడం మొదలుపెట్టి, ఆపలేక, సోఫా చెయ్యి పట్టుకున్నారు. కళ్లు తుడుచుకుని, "ఈయన్ని నేను నిన్న రాత్రే నమ్మాను నాయనా. జేబులో చిటికెడు అక్షింతలు దొరికాయి. తప్పుడు పనికి వెళ్లినవాడి మీద అక్షింతలు ఎవరు వేస్తారు?" అన్నారు.

"మరి నన్నెందుకు పిలిపిచ్చిన్రు మేడం?"

ఆవిడ లోపలికి వెళ్లి ఒక బకెట్ తెచ్చి నా ముందు పెట్టారు. అందులో నిన్నటి చొక్కా నానుతోంది.

"చల్లినవాడే ఉతకాలని. రెండోది ఆయన ఇప్పుడే విప్పి ఇస్తారు."

వాళ్ల పెరట్లో గంటసేపు ఉతికాను. సబ్బు తగిలితే పసుపు ఎర్రబడుతుందని ఇంజనీరింగు డ్రాయింగులో ఎవరూ చెప్పరు. ఎంత రుద్దితే అంత ఎర్రగా అయ్యాయి. మూర్తి గారు బనియన్‌తో మెట్టు మీద కూర్చుని, ఆర్డరు కాగితం మీద సంతకం చేసి, "కంగారు లేదు బాబూ, మెల్లగా ఉతుకు" అన్నారు. ఆ సాయంత్రమే సేటు నన్ను పర్మినెంట్ చేశాడు.

మోచేతుల దాకా నురగతో, ఏఎస్ రావు నగర్ సూర్యుడి సాక్షిగా ఆనాడే ప్రతిజ్ఞ చేశాను. గాలి వదిలే ఏ యంత్రానికీ జన్మలో బొట్టు పెట్టను, అక్షింతలు వెయ్యను, అది నన్ను బతిమాలినా సరే. ఆ మాట ఇప్పటికీ తప్పలేదు. మూర్తి గారికి మాత్రం నా ప్రతిజ్ఞ మీద అంత నమ్మకం లేనట్టుంది. ఆ తర్వాత ఎన్నిసార్లు మా షెడ్డుకు వచ్చినా, ఆయన కుంకుమ రంగు చొక్కాలోనే వచ్చారు.