పంతొమ్మిది పార్సిళ్లు, ఒకే పేరు

‘ఆ రోజుల్లో’ అని మొదలుపెట్టే హక్కు నాకింకా రాలేదని మా ఆవిడ అభిప్రాయం. నిజమే, నేను చెప్పబోయేది మరీ పాత సంగతేం కాదు. అప్పటికే అందరి చేతుల్లో ఫోన్లున్నాయి, నగరం శివార్లలో ముత్తంగి చుట్టూ గోదాములు లేచాయి, పళ్లు తోముకునే బ్రష్షు కూడా పార్సిల్లోనే వస్తోంది. కానీ మొదటి ఉద్యోగం వెలగబెట్టిన రోజులు ఎవరికైనా ‘ఆ రోజులే’. ఎందుకంటే అప్పటి మనిషి ఇప్పుడు ఎదురుపడితే మనమే గుర్తుపట్టనట్టు పక్కకు తప్పుకుంటాం. నా సంగతైతే తప్పకుండా అంతే.

డిగ్రీ అయిన మూడో నెలలో ఒక ప్రైవేటు కొరియర్ కంపెనీ నన్ను తీసుకుంది. (పేరు చెప్పను. వాళ్లు నన్ను మర్చిపోయి హాయిగా ఉన్నారు, ఇప్పుడు గుర్తుచేయడం దేనికి?) వాళ్ల కుర్రాళ్లు పటాన్‌చెరు దాకా రివ్వున వెళ్లేవాళ్లు. పాశమైలారం దాటాక ఉన్న ఊళ్లకు మాత్రం పెట్రోలు ఖర్చు గిట్టదని తపాలా శాఖతో ఒప్పందం చేసుకున్నారు. ముత్తంగి గోదాము నుంచి మా ఆటో ట్రాలీ మూటలు తెచ్చి ఊరి పోస్టాఫీసులో దించుతుంది, అక్కణ్ణుంచి గడప దాకా పోస్ట్‌మ్యాన్ చేరుస్తాడు. ఈ ఇద్దరి మధ్యా నేను. పోస్ట్‌మ్యాన్‌కు మా యాప్ నేర్పించాలి, పార్సిళ్లు వాపసు రాకుండా చూడాలి. మూడు నెలలు పరీక్షాకాలం. అది సవ్యంగా నిండితే పర్మనెంటు. నిండకముందే తీసేస్తే అనుభవ పత్రం కూడా ఇవ్వరు, అంటే ఆ మూడు నెలలు నేను భూమ్మీద లేనట్టే లెక్క. అప్పటికే మా నాన్న (గోదావరి వైపు నుంచి ఫ్యాక్టరీ ఉద్యోగానికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డ మనిషి) కాలనీ అంతా తిరిగి మావాడు ఆఫీసరయ్యాడని చెప్పేశారు. కాబట్టి నాకు వెనక్కి వెళ్లే దారి లేదు.

నాకు అప్పగించిన ఊళ్లోనే ఒక గది కిరాయికి తీసుకున్నాను. పోస్ట్‌మ్యాన్‌ను ఊరంతా ‘పోస్టు కాక’ అనేవాళ్లు, నేను బాబాయ్ అనేవాణ్ణి. ఆయన నన్ను ‘సారూ’ అని పిలిచేవాడు. ఆ పిలుపులో గౌరవం పాలెంతో, ఎగతాళి పాలెంతో నాకు చివరిదాకా తేలలేదు. మొదటి రోజే ఆయన్ని కూర్చోబెట్టి గంటసేపు ఉపన్యాసం దంచాను. ఎవరికి పడితే వాళ్లకు ఇవ్వకూడదు, పేరు ఎవరిదో ఆ మనిషి చేతికే ఇవ్వాలి, ఇందులో రాజీ లేదు అన్నాను. ముప్పై ఏళ్లుగా అదే పని చేస్తున్న మనిషి నేనేదో కొత్త సంగతి చెప్పినట్టు తలూపి, “మంచిది సారూ, యాది పెట్టుకుంట” అన్నాడు.

యాది పెట్టుకున్నాడు కూడా. మూడో నెల మధ్యలో ఒకరోజు వెళ్తే, పోస్టాఫీసు మూలన పంతొమ్మిది పార్సిళ్లు గుట్టగా ఉన్నాయి. అన్నీ ఒకే పేరు మీద.

“గీ మనిషి లేడు సారూ. ఒడిషా పోయిండు, చెల్లె పెండ్లికి. వాపసు కొడుతున్న.”

పంతొమ్మిది ఒక్కసారి వాపసు పోతే నా పరీక్షాకాలం ఆ రోజుతో సరి. పరుగున ఆ చిరునామాకు వెళ్తే అది మందుల కంపెనీలో పనిచేసే పన్నెండు మంది కుర్రాళ్ల గది. విషయం తేలింది. పన్నెండు మందికీ ఫోన్లున్నాయి గానీ, చిరునామా అదీ రాసి ఆర్డరు పెట్టడం వచ్చింది ఒక్కడికే. ఆయన్ని అందరూ ‘బడే భాయ్’, అంటే పెద్దన్న, అంటారు. ఎవరికేం కావాలన్నా ఆయన ఫోన్లోంచే, ఆయన పేరు మీదే. పెళ్లికి రైలెక్కే ముందు తనొచ్చేదాకా ఎవరికీ ఇబ్బంది ఉండకూడదని అందరి ఆర్డర్లూ ఒక్కసారే పెట్టి మరీ వెళ్లాడు. బాధ్యత తెలిసిన మనిషి.

ఇదంతా బాబాయ్‌కి వివరించాను. ఆయన శ్రద్ధగా విని, “గదే అనుకున్న. మనిషి ఒక్కడే, డబ్బాల మీద చూస్తే చెప్పులు ఆరు జతలు, ఆరు సైజులు. గిదేం కాళ్లు రా నాయనా అని రెండు దినాల సంది పరేషాన్ అయితున్న” అన్నాడు.

“తెలిసింది కదా బాబాయ్, ఇక ఇచ్చేయండి. ఆయన ఫోన్లో ఓటీపీ కూడా చెబుతానన్నాడు.”

“నంబర్ ఎవ్వడన్న చెప్తడు సారూ. మనిషేడి? నువ్వే గదా చెప్పినవ్, పేరున్నోని చేతికే ఇయ్యాలని?”

నా ఉపన్యాసం నాకే అప్పజెబుతుంటే కాదనడం ఎలా? నెత్తీనోరూ కొట్టుకుంటే చివరికి ఒక దారి చూపించాడు. నా బదులు ఫలానావాడికి ఇవ్వండి అని ఆ మనిషి సంతకం పెట్టిన కాగితం తెస్తే ఇస్తాడట. అంతవరకూ వాపసు కొట్టకుండా వారం రోజులు ఆపుతాడు. బడే భాయ్ పది నిమిషాల్లో సంతకం పెట్టి ఫొటో పంపించాడు. బాబాయ్ నా ఫోన్ను దూరంగా పట్టుకుని చూసి, “ఇది బొమ్మ. నాకు కాయితం గావాలె” అన్నాడు.

పోనీ ఆ కాగితాన్ని మా కొరియర్‌లోనే తెప్పిద్దామని గోదాముకు ఫోన్ చేశాను. ఒడిషాలో ఆ ఊరికి మనవాళ్లు వెళ్లరు, అక్కడా పోస్టుకే అప్పగిస్తాం అన్నారు. ఇక చేసేదేముంది, బడే భాయ్ పెళ్లిపనులు ఆపి మామూలు కవరు మీద స్టాంపు అంటించి డబ్బాలో వేశాడు. ఏ పార్సిల్ ఏ వంతెన కింద ఉందో ఫోన్లో చూపించే కంపెనీలో పనిచేస్తూ, ఒక ఉత్తరం ఎక్కడుందో తెలియక రోజూ పొద్దున్నే పోస్టాఫీసు మెట్ల మీద కూర్చునేవాణ్ణి. పింఛను కోసం వచ్చే ముసలమ్మలు నాకు చోటిచ్చి, “నీకు గూడ రాలేదా కొడుకా?” అని అడిగేవాళ్లు. రాలేదమ్మా అనేవాణ్ణి. ఆరో రోజు వచ్చింది. బాబాయ్ కవరు చింపి, ఏది ఎవరికివ్వాలో రాసిన కాగితం చదివి, పంతొమ్మిది పార్సిళ్లూ సైకిలు మీద రెండు విడతలుగా తీసుకెళ్లి, షిఫ్టు వదిలే వేళకు మందుల కంపెనీ గేటు దగ్గర నిలబడి పేరుపేరునా పంచాడు. కుర్రాళ్లు అక్కడే చెప్పులు వేసుకుని చూసుకున్నారు. నేను ఏదో సాధించినట్టు ఒక సెల్ఫీ తీసుకున్నాను.

ఆ సంతోషం నాలుగు రోజులు. అయిదు రోజులు దాటిన డెలివరీ మా కంపెనీ లెక్కలో వాపసు కన్నా హీనమట. పైఅధికారి ఫోన్ చేసి, “లెటర్ పంపించాం. నీ చేతికి అందిన రోజు నుంచి ఉద్యోగం లేదు” అన్నాడు. సెలవు చీటీ దగ్గర్నుంచి అన్నీ యాప్‌లో నడిపే ఆ కంపెనీ, ఆ ఒక్క కాగితాన్ని మాత్రం రిజిస్టర్డ్ పోస్టులో పంపింది. పరీక్షాకాలం నిండడానికి ఇంకా మూడు రోజులుందనగా, నేను గది గుమ్మంలో నిలబడి పళ్లు తోముకుంటుంటే బాబాయ్ సైకిలు ఆపాడు.

“మీ కంపెనీదే. ఏందిది?”

చెప్పాను. సగం మాటలు ముద్దముద్దగా వచ్చాయి. నోట్లో పేస్టు వల్ల అనుకున్నాడో ఏమో, ఆయన నేను ఉమ్మేసి వచ్చేదాకా ఆగాడు.

“ఎన్ని దినాలున్నయి నీకు?”

“మూడు.”

ఆయన జేబులోంచి పెన్ను తీసి, కవరును సైకిలు సీటు మీద పెట్టి, మెల్లగా రాశాడు: ‘ఇల్లు తాళం.’

“బాబాయ్, నేనిక్కడే ఉన్నాను కదా?” అన్నాను. (అంత తెలివి నాది.)

ఆయన నా వైపు చూడకుండా, “నేను సూడలె బిడ్డా. రేపొస్త” అని సైకిలెక్కాడు. ఏడాదికో రెండేళ్లకో ఒకసారైనా అబద్ధం ఆడి ఉంటే అలవాటు ఉండేది. అదే మొదటిసారనుకుంటా, వీధి మలుపులో సైకిలు కొంచెం తూలింది.

ఆ రోజంతా నాకు అన్నం సహించలేదు. ఉద్యోగం గురించి కాదు, ఆయన చేత ఆ మాట రాయించానని. అందుకని మర్నాడూ ఆ మర్నాడూ, ఆయనొచ్చే వేళకు ఇంటి ఓనరమ్మను బతిమాలి బయటినుంచి తాళం వేయించుకున్నాను. “పిచ్చి గిట్ల లేసిందా పిలగా?” అంటూనే వేసింది పాపం. బాబాయ్ వచ్చి, తాళం పట్టుకుని గట్టిగా లాగి చూసుకున్నాడు. తర్వాత తలుపు సందులోంచి గొంతు తగ్గించి అడిగాడు.

“బిడ్డా, లోపట ఉక్క పోస్తలేదా?”

“లేదు బాబాయ్, మీరు రాసుకోండి” అన్నాను.

నాలుగో రోజు సంతకం పెట్టి ఉత్తరం తీసుకున్నాను. అనుభవ పత్రం వచ్చింది, దాంతోనే ఇప్పటి ఉద్యోగమూ వచ్చింది. ఒక మంచి మనిషి మాట నిజం చేయడానికి, ఫ్యాను కూడా వేసుకోకుండా చీకట్లో చెమటలు కక్కుతూ కూర్చున్న ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది. అంత నిజాయితీగా నేను మళ్లీ ఎప్పుడూ ‘ఇంట్లో లేడు’ అనిపించుకోలేదు.