చెయ్యి పెట్టి చూడని బూటు

అయ్యలారా, అమ్మలారా, ఇంకొకరు తొడిగి విడిచిన బూటులో మీలో ఎవరైనా ఎప్పుడైనా మోచేతిదాకా చెయ్యి పెట్టి చూశారా? నేను పెట్టలేదు. నేను పెట్టనందువల్లనే మదనపల్లె గడ్డితోటలో మురుగుకాలవ చూసే పెద్దాయన పోయిన మంగళవారం ధనుర్వాతంతో చనిపోయాడు. దవడలు బిగుసుకుపోయి, చెంచాడు నీళ్ళు కూడా గొంతు దిగక చనిపోయాడు. సంఘ బోధకుణ్ణని సమాధి దగ్గర ప్రార్థనకు నన్నే పిలిచారు. చేశాను. ఆ ప్రార్థన చేసిన నోరు తలచుకుంటే నాకే అసహ్యంగా ఉంది.

ఊరి మురుగంతా ఆ తోటకే పారుతుంది. ఏ మడికి ఎంత నీళ్ళు వదలాలో, ఎక్కడ గండి కొట్టాలో, ఎక్కడ పూడిక తీయాలో ఆయనకే తెలుసు. ఆ గడ్డే మన ఆవులు తిన్నాయి, ఆ పాలే మనం తాగాం. ఆదివారం ఆయన సబ్బుతో రుద్దుకుని, ఉతికిన పంచె కట్టుకుని వచ్చి ప్రార్థన గుడిలో వెనక వరుసలో కూర్చుంటే మాత్రం మనకేదో వాసన వచ్చేది. చాప మీద జరిగి జరిగి కూర్చునేవాళ్ళం. ఆయన నవ్వేవాడు. ఒకసారి నన్నే అడిగాడు, "యాల అప్పా అంత దూరం? ఈడ గాలి బాగా వస్తాండాది, రా."

మోకాళ్ళదాకా వచ్చే ఆయన రబ్బరు బూట్లు మీరంతా చూసినవే. కోలారు గనుల్లో పని మానుకుని వచ్చిన ఒకాయన దగ్గర కుప్పం సంతలో కొన్నాడు. పొద్దున పోయి, సాయంత్రందాకా ఒక్కొక్క జతా తడిమి, వంచి, నీళ్ళు పోసి చూసి కొన్నాడని ఆయన భార్య ఇప్పటికీ చెబుతుంది. ఏళ్ళ తరబడి తొడిగాడు. పని దిగగానే లోపలా బయటా కడిగి, వసారాలో పాతిన రెండు కర్రలకు తలకిందులుగా బోర్లించేవాడు. ఎండ తగలనిచ్చేవాడు కాదు. ఎక్కడన్నా చిల్లు పడితే సైకిలు షాపులో అతుకు వేయించేవాడు.

"అరణ్యంలో ఇశ్రాయేలీయుల చెప్పులు నలభై ఏళ్ళు అరగలేదు పెద్దాయనా, నీ బూట్లూ అంతే" అన్నానొకసారి.

"ఆళ్ళు ఇసకలో నడిసినారప్పా. మురుగులో నిలబడమను, సూస్తాం" అన్నాడు.

చివరికి అవీ పగిలాయి. కోతపండుగ రోజు, కానుకల వేలం ముగిసినాక, పెద్దాయనకు సంఘమే బూట్లు కొనివ్వాలని తీర్మానించాం. ఒక గుమ్మడికాయ కోసం పంతానికి పోయి పాట పెంచిన పెద్దలే, బూట్లనేసరికి "పాతవైనా పరవాలేదు" అన్నారు. సంతరోజు వాక్యం చెప్పడానికి పుంగనూరు పోతాను గనుక ఆ పని నేను నెత్తిన వేసుకున్నాను.

బయలుదేరే ముందు పెద్దాయన నా సైకిలు పట్టుకుని ఆపాడు.

"కంటితో కొనొద్దప్పా. మెరుపు పైన పూసిందయి ఉంటాది. మోసెయ్యిదాకా లోపల పెట్టి మడమ కాడ గుడ్డ తడుము. అడుగును బొటనేలితో గట్టిగా నొక్కు. మెత్తగా పోయిందా, ఆడ చిల్లుండాది, తారు కూరినారని తెలుసుకో. మెడ మడిసి సూడు, పగుళ్ళుంటే వద్దు. మరీ పెద్దవి తేవద్దు, బురద పట్టి లాగేస్తాది. సూసేకి బాగలేకపోయినా బరువుండేవి తే."

"ఇంతుందా?" అన్నాను.

"ఉంటాది మరి. పెండ్లికూతుర్ని సూసేకి పోతాండావా, మొగం సూసి వచ్చేకి?"

యుద్ధం ముగిసినాక మిలిటరీ సరుకు సంతల్లోకి దిగింది కదా. పుంగనూరులో ఒక వర్తకుడు గోనెపట్టా మీద బూట్లు పరిచి కూర్చున్నాడు. పెద్దాయన కాలికి సరిపోయేవి రెండు జతలున్నాయి. ఒకటి వెలిసిపోయి బూడిదరంగు తేలింది గానీ చేతికి బరువుగా ఉంది. రెండోది నా ముఖం కనిపించేంత నల్లగా మెరుస్తోంది.

"లోపల సెయ్యి పెట్టి సూడు సామీ, నేనేం దాసిపెట్టలేదు" అన్నాడు వర్తకుడు.

వెలిసిన బూటు నోట్లోకి తొంగి చూశాను. పులిసిన వాసన. ఏ సిపాయి తొడిగాడో, ఆ కాలికి ఏ పుండు ఉండిందో అనుకున్నాను. నా రెండో చేతిలో గ్రంథం ఉంది. ఇంకో గంటలో ఈ వేళ్ళతోనే దాని పుటలు తిప్పాలి. చెయ్యి వెనక్కు వచ్చేసింది. మెరిసే జతను తువాలుతో అంచు పట్టుకుని ఎత్తి, "ఇవి కట్టు" అన్నాను. వాటిలోనూ చెయ్యి పెట్టలేదు.

"బూట్లు కాళ్ళకా సామీ, గోడకు తగిలించేకా?" అని వర్తకుడు నవ్వాడు. నేనూ నవ్వాను.

ఆ సాయంత్రం అదే సంతలో నిలబడి నేను చెప్పిన వాక్యం ఏమిటో తెలుసా? ప్రభువు నడుముకు తువాలు కట్టుకుని శిష్యుల పాదాలు కడిగిన సంగతి. చెబుతూ కన్నీళ్ళు కూడా పెట్టుకున్నాను. ఆ కన్నీళ్ళు ఇప్పుడు నాకు కాలవకంటే కంపు కొడుతున్నాయి. గిబియోనువాళ్ళు పాత చెప్పులు చూపించి యెహోషువను మోసం చేశారు. నన్నెవరూ మోసం చేయలేదు. వర్తకుడు చూడమనే చెప్పాడు.

ఆదివారం బూట్లను గుడిలో ప్రభువు బల్ల పక్కన పెట్టి, వాటికి బంతిపూల దండ కూడా వేశాం. పొడుగాటి ప్రార్థన చేశాం. పెద్దాయన వచ్చి అందరి ముందే కుడి బూటులో చెయ్యి దూర్చాడు. ఒకామె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. ఆయన చెయ్యి మడమ దగ్గర ఆగింది.

"ఈడ తడిమి సూసినావా అప్పా? కొంచెం మెత్తగా ఉండాదే."

సంఘపెద్దలందరూ నా వైపు చూశారు. "చూశాను పెద్దాయనా" అన్నాను.

"నువ్వు సూసినావంటే సాలు" అని చెయ్యి తీసేశాడు.

రెండు నెలలు తొడిగాడు. ఒక పొద్దున పూడిక తీస్తుంటే తుప్పుపట్టిన మేకు కుడి మడమలో దిగింది. ఆయన వేలు ఆగిన చోటే. కాలు కడుక్కుని, గుడ్డ చుట్టుకుని, మళ్ళీ కాలవలోకి దిగాడు. వారం తిరిగేసరికి దవడ పట్టేసింది. నేను చూడబోయినప్పుడు మాట ఇంకా కొంచెం వస్తోంది. పళ్ళ సందునుంచే అన్నాడు, "బూటుదేం తప్పు లేదులే అప్పా. నేనే సూసి అడుగు వెయ్యలేదు."

సమాధి నుంచి నేరుగా వాళ్ళింటికి పోయాను. వసారాలో ఆ బూట్లు కడిగి కర్రలకు బోర్లించి ఉన్నాయి. "మా మరిదికి పనికొస్తాయిలే అప్పా. ఇంక ఆయప్పేగా కాలవలో దిగేది" అంది పెద్దాయన భార్య.

కుడి బూటు దించి, మోచేతిదాకా చెయ్యి పెట్టాను. బొటనవేలితో నొక్కాను. తారు ఊడింది, వేలు అడుగులోంచి బయటికి వచ్చింది.

"అమ్మా, ఆ రోజు నేను చూడలేదు" అన్నాను.

ఆమె నా వేలి వైపే చూసింది. "తెలుసప్పా. ఆయనా ఆ పొద్దే సెప్పినాడు, సెయ్యి పెట్టినోడైతే ఇవి తెచ్చిండడని. మల్లా అడిగితే నలుగురిలో నీకు తల కొట్టేసినట్టుంటాదని ఊరుకున్నాడు."

నా పరువు కోసం ఆ మనిషి చిల్లు మీద నిలబడ్డాడు. ఇరవై ఏళ్ళుగా ఈ గ్రంథం నా చేతిలో ఉంది. ఆయన ఎప్పుడూ వెనక వరుసలోనే ఉన్నాడు.

అక్కడే కొడవలి అడిగి తీసుకుని ఆ రెండు బూట్లనూ నిలువునా కోసేశాను. పుంగనూరు పోయి, తడిమి, వంచి, నీళ్ళు పోసి చూసి ఆయన తమ్ముడికి వేరే జత తెచ్చాను. అంతమాత్రాన నా చెయ్యి శుభ్రమైందని అనుకోవడం లేదు. పెద్దాయన కర్రలు రెండూ ఆ వసారాలో అలాగే ఉన్నాయి. వాటి కింద బూట్లలోంచి కారిన నీళ్ళకు పడిన చిన్న గుంటలు రెండు ఇంకా పూడలేదు.

మదనపల్లెలోగానీ, పుంగనూరులోగానీ, కుప్పంలోగానీ మీ కోసం ఎవరో ఒకరు మురుగులో నిలబడుతూనే ఉన్నారు. ఆదివారందాకా ఆగకండి. తీర్మానాలు చేయకండి. ఈ కాగితం మడిచిపెట్టి, ఈరోజే, పొద్దు కుంకకముందే వాళ్ళింటికి పోండి. బూటు దించమని అడిగి చెయ్యి పెట్టండి. అన్నం తినే కుడిచెయ్యే పెట్టండి. మడమ దగ్గర మెత్తగా తగిలితే, రేపు పొద్దున ఆ కాలు ఆ బూటులోకి పోనివ్వకండి. లేవండి.