ఇద్దరం రాసిన ఒకే ఊరి పేరు

దయ్యాలున్నాయని చెప్పే మనిషిని మీరెప్పుడైనా ఎదురుగా నిలబెట్టి రుజువు అడిగారా? నేను అడిగాను. సభల్లో, పెళ్లిళ్లలో, చావు జరిగిన ఇళ్లలో కూడా అడిగి తిట్లు తిన్నాను. ఇప్పటికీ నమ్మను. అందుకే ఈ సంగతి నన్ను కుదురుగా కూర్చోనివ్వడం లేదు.

షరీఫా అనే అమ్మాయి ప్రాంతీయ ఆర్థికశాస్త్రంలో పీహెచ్‌డీ చేస్తోంది. దేశంలోని పరిశోధనా వ్యాసాలను ఒకచోట చేర్చిన డేటాబేస్‌లో ఏ ప్రాంతం మీద ఎవరు ఎంత రాశారో, దేన్ని ఎవరూ పట్టించుకోలేదో లెక్క తీయడం ఆమె పని. ఇలాంటి పనికి ఒక నియమముంది. ప్రతి వ్యాసం ఏ ఊరి గురించో ఇద్దరు విడివిడిగా చదివి రాయాలి. ఒకరిది ఒకరు చూడకూడదు. వ్యాసంలో ఊరి పేరు లేకపోతే పట్టికలో ఆ గడి ఖాళీగా వదలాలి. రెండో మనిషిగా ఉండటానికి నేను ఒప్పుకున్నాను.

నేను సిద్దిపేటలో మా ఇంట్లో, ఆమె హుస్నాబాద్‌లో వాళ్లింట్లో చేశాం. పని ముగిసేదాకా ఫోన్‌లో కూడా మాట్లాడుకోలేదు. ఎవరి ఫైలు వారు నేరుగా ఆమె గైడుకు పంపాం.

ఆయన మమ్మల్ని పిలిపించి, మెట్ట సేద్యం మీద ఒక వ్యాసం తెరిచాడు. అందులో 'సిద్దిపేట దగ్గరి ఒక పల్లె' అని తప్ప పేరు లేదు. మా ఇద్దరి గడుల్లో మాత్రం 'గోగుచెల్క' అని ఉంది.

"దయ్యం వచ్చి ఇద్దరి చెవుల చెప్పిందా? కాపీ కొట్టిన అని రాసియ్యి షరీఫా. లేకుంటే నేను సంతకం పెట్ట" అన్నాడు.

"కొట్టంది కొట్టిన అని ఎట్ల రాసియ్యాలె సార్?"

"మరి ఏడికెల్లి వచ్చింది గా పేరు?"

ఆమె నావైపు చూసింది. ఆ పేరు టైపు చేసినట్టు నాకు గుర్తే లేదు. ఆమెకూ లేదు.

వ్యాసమంతా వెతికాను. మ్యాపుల్లో వెతికాను. ఎక్కడా లేదు. చివరికి ఆ వ్యాసం రాసిన పెద్దమనిషికే ఫోన్ చేసి, ఆ పల్లె గోగుచెల్కేనా అని అడిగాను.

"మీకెవలు చెప్పిన్రు?" అన్నాడు. "పేరు బయటపెట్టనని ఊరోళ్లకు మాటిచ్చిన. మా ఇంట్ల కూడ చెప్పలె. గది వాళ్లు పిలుసుకునే పేరు, కాగితాల మీద లేదు. ఊరు గూడ రిజర్వాయర్‌ల మునిగిపాయె."

ఈ మాట చెబితే గైడు నవ్వాడు. "ఆయన కూడ మీ మనిషేనా?"

చిన్నప్పుడు ఎక్కడో విని ఉంటామంటే ఒప్పుకుంటాను. కానీ ఇద్దరికీ సరిగ్గా అదే వ్యాసం దగ్గర ఎందుకు గుర్తొచ్చింది? గడి చెరిపేస్తే పోతుందని మిత్రులన్నారు. షరీఫా వినలేదు. "చెరిపితే కాపీ కొట్టినట్టు ఒప్పుకున్నట్టే గద సార్" అని నాతో అంది. ఆమె థీసిస్ అక్కడే ఆగిపోయింది.

దయ్యమని నాకు ఉత్తరాలు రాయకండి. అబద్ధమని ఇంట్లో కూర్చుని తీర్పూ చెప్పకండి. సిద్దిపేటకు రండి. ఊరి పేరు దాచిన వ్యాసాలు మీరే తెండి. మమ్మల్ని వేర్వేరు గదుల్లో కూర్చోబెట్టి ఫోన్లు లాక్కోండి. ఏది తేలినా, షరీఫా గైడు ఎదుట నిలబడి చెప్పండి.