ఎన్నడూ ఇయ్యని పాస్‌వర్డ్

నవనీతకు కోపం ఎక్కువని మిర్యాలగూడలో చాలామంది అంటారు. అనేవాళ్లలో సగం మంది ఆ కోపం రుచి చూసినవాళ్లే కాబట్టి వాళ్ల మాటను పెద్దగా పట్టించుకోనక్కర్లేదు.

ఆమెది మోతె దగ్గర గొర్రెలు కాసుకునే ఇల్లు. సూర్యాపేటలో డిగ్రీ చదివి, అక్కడే ఆరు నెలలు కంప్యూటర్ నేర్చుకుని, 2005లో కోదాడలో ఒక విత్తనాల కంపెనీ ఆఫీసులో చేరింది. ఆ ఆఫీసులో కంప్యూటర్లన్నిటినీ ఒకదానికొకటి కలిపి, లోపలివాళ్లకు మాత్రమే కనిపించే నెట్‌వర్క్ ఒకటి పెట్టారు. ఇంట్రానెట్ అంటారు దాన్ని. సెలవులు, డ్యూటీలు, సర్క్యులర్లు అన్నీ అందులోనే. రెండేళ్ల తర్వాత టైఫాయిడ్ వచ్చి ఆమె ఇరవై రోజులు ఇంట్లో మంచాన పడి ఉంటే, కాంట్రాక్టు పొడిగించుకునేవాళ్లు ఫలానా తేదీలోపు సంతకం పెట్టాలని అందులో నోటీసు వేశారు. ఒళ్లు కుదుటపడి వచ్చేసరికి ఆమె కుర్చీలో ఇంకొకరు కూర్చుని ఉన్నారు.

"నెట్లో పెట్టాం కదమ్మా, చూసుకోవాలి కదా" అన్నాడు మేనేజర్.

ఆఫీసు గోడ దాటితే కనిపించని నోటీసును మోతెలో మంచం మీద పడుకుని ఎట్లా చూసుకోవాలో మాత్రం ఆ పెద్దమనిషి చెప్పలేదు. ఉద్యోగం పోయినందుకు ఆమె ఏడవలేదు. "నెట్‌ల పెట్టినం" అనే మాట ఎవరి నోట విన్నా అప్పటి నుంచి ఆమెకు ఒళ్లు మండుతుంది.

తర్వాత మిర్యాలగూడ వచ్చి, స్టేషన్ రోడ్డులో ఒక గది కిరాయికి తీసుకుని నెట్ సెంటర్ పెట్టుకుంది. నాలుగు కంప్యూటర్లు, ఒక ప్రింటర్, మాటిమాటికి పోయే కరెంటు. హాల్ టికెట్లు, పరీక్షా ఫలితాలు, రైలు టికెట్లు కావలసినవాళ్లు వచ్చేవారు. ఇది ఇంటర్నెట్, ఎవరొచ్చి అడిగినా చూపిస్తుంది అని ఆమెకు కొంచెం గర్వంగా కూడా ఉండేది. 2010 నవంబరు దాకా ఉండింది ఆ గర్వం.

ఆ నవంబరులో పట్టణం అవతలున్న ఒక బియ్యం మిల్లు కొత్త పద్ధతి తెచ్చింది. అంతకుముందు వడ్ల ట్రాక్టర్లు గేటు ముందు వరుసగా నిలబడేవి, ముందొచ్చిన బండి ముందు కాంటా ఎక్కేది. ఇప్పుడు ప్రతి రైతుకూ ఒక టోకెన్ చీటీ ఇచ్చి, కింద సైటు అడ్రసు అచ్చేసి, సీరియల్ నెట్‌లో చూసుకోమన్నారు. నంబరు వచ్చిన గంటలోపు కాంటా దగ్గర చెప్పకపోతే టోకెన్ క్యాన్సిల్.

దామరచర్ల దగ్గరి తండా నుంచి ఫకీరా ఒక ట్రాలీ వడ్లు తెచ్చి ఆ వరుసలో నిలబెట్టాడు. మిషన్ కోసిన పచ్చి వడ్లు. నాలుగు రోజులు కుప్పగా ఉంటే వేడెక్కి మొలక వేస్తాయి. ఆ సంవత్సరం వాళ్ల పంటంతా ఆ ట్రాలీలోనే ఉంది. బండి వరుసలో ఉంటే సీరియల్ ఉన్నట్టేనని అతని నమ్మకం, ఎన్నో ఏళ్లుగా నడిచిన ఆచారమే అది. అందుకని చాయ్ తాగడానికి కూడా ట్రాక్టర్ దిగకుండా కూర్చున్నాడు. చీటీ పట్టుకుని నెట్ సెంటర్‌కు రావడం భార్య పుష్పాబాయి వంతు అయింది.

నవనీత అడ్రసు కొట్టింది. తెర మీద రెండు ఖాళీ గళ్లు వచ్చాయి.

"పేరు, పాస్‌వర్డ్ అడుగుతున్నదక్కా. మీకేమన్న ఇచ్చిన్రా?"

"గీ చీటే ఇచ్చిన్రు బిడ్డా."

టోకెన్ నంబరు కొట్టి చూసింది. ఫకీరా పేరు కొట్టి చూసింది. తెరుచుకోలేదు. "ఇంకో చీటీ ఇచ్చి ఉంటరు, జర యాద్ చేసుకో" అంది నవనీత. ఆ మాట అన్నందుకు ఆమె తనను తాను ఇప్పటికీ తిట్టుకుంటుంది. పుష్పాబాయి గేటు దగ్గరికి వెళ్లి చెప్పింది. ఫకీరా జేబులన్నీ దులిపాడు, సీటు కింద వెతికాడు, చివరికి నువ్వే పారేసినవని భార్య మీద విరుచుకుపడ్డాడు.

మర్నాడు పుష్పాబాయితో పాటు ఇంకో ఐదుగురు వచ్చారు. ఐదుగురూ పాస్‌వర్డ్ పోగొట్టుకున్నామనే అన్నారు. పాలకీడు ముత్తయ్య అయితే బస్సెక్కి ఊరికి పోయి, ఇల్లంతా తిరగేసి, ఇంట్లో అందరినీ తిట్టి మరీ వచ్చాడు. ఇంతమంది ఒక్కసారే ఎట్లా పోగొట్టుకుంటారని నవనీతకు అప్పుడు అనుమానం వచ్చింది. తెరకు మొహం దగ్గరగా పెట్టి చూస్తే, అడుగున చీమ కాళ్లంత ఇంగ్లీషు అక్షరాల్లో ఒక వాక్యం ఉంది. నమోదైన ఏజెంట్లకు, అంటే మిల్లుకు వడ్లు కుదిర్చే దళారులకు మాత్రమే అని దానర్థం.

"మీరెవ్వరు ఏం పోగొట్టుకోలేదు. మీకసలు ఇయ్యనే లేదు" అంది.

వాళ్లకు అర్థం కాలేదు. ఆమె పుష్పాబాయి వైపు తిరిగింది. "అక్కా, మీ తండాల నల్లా ఉన్నది, ఎవరైనా పట్టుకోవచ్చు. ఇంటర్నెట్ గట్ల. ఒకళ్లింట్ల బోరున్నది, ఇంటోళ్లే వాడుకుంటరు. అది ఇంట్రానెట్. ఆ ఇంటోళ్లు తమకు కావల్సినోళ్లకు బోరు కాడి నుంచి ఒక పైపు వేసి ఇస్తరు. అది ఎక్స్‌ట్రానెట్. పైపు నల్లా పక్కపొంటే వస్తది గని, వాల్వు తాళం మాత్రం ఆ కావల్సినోళ్ల కాడనే ఉంటది."

పుష్పాబాయి చేతిలోని చీటీని తిప్పి చూసుకుంది. "మరి మమ్ముల నల్లా కాడికి తోలి, పైపు నీళ్లు పట్టుకొమ్మన్నరా?"

"గంతే."

"నిన్నటి సంది మా ఆయన నాతోని మాట్లాడుతలేడు" అందామె. ఆ మాటతో నవనీతకు ఎక్కడో కాలింది.

మూడో రోజు ముసురు పట్టింది. నాలుగో రోజు పొద్దున్నే నవనీత సెంటర్‌కు తాళం వేసి మిల్లుకు వెళ్లింది. కాంటా పక్కన ఆఫీసు గదిలో సూపర్‌వైజర్ భాస్కర్ కంప్యూటర్ ముందు కూర్చుని ఉన్నాడు.

"సీరియల్ ఇంటర్నెట్‌లనే ఉన్నది మేడం. మీకు ఓపెన్ చేయరాకుంటే మేమేం చేస్తం?"

"అది ఇంటర్నెట్ మీదికెళ్లి వస్తది, గంతే. తాళం మీ ఏజెంట్లకిచ్చి రైతులను నా మీదికి తోలుతున్నరు."

"పేరేదైతేంది మేడం, అన్నీ నెట్టే గదా."

"ఆ సీరియల్ నీ ముంగటనే నడుస్తున్నది. కిటికీ అవతల ముప్పై అడుగుల దూరంల రైతున్నడు. తల బయటపెట్టి ఒక్క నంబర్ చెప్పడానికి నీకు నోరు లేదా?"

భాస్కర్ నవ్వాడు. చెడ్డవాడేం కాదు, గొడవ ఎట్లా సద్దుమణుగుతుందో తెలిసినవాడు. "మిమ్మల్ని గూడ ఏజెంట్ కింద రాస్త మేడం. రైతుల దగ్గర ఎంతో కొంత తీసుకొని మీరే చూపెట్టుకోండ్రి" అని ఒక కాగితం మీద పేరు, పాస్‌వర్డ్ రాసిచ్చాడు. అతని మొహాన కొట్టాలనిపించిన ఆ కాగితాన్ని నవనీత మడిచి పర్సులో పెట్టుకుంది.

సెంటర్‌కు వచ్చి అదే పేరును, అదే పాస్‌వర్డ్‌ను పిడికెడేసి అక్షరాలతో ఒక చార్టు మీద రాసి షట్టర్‌కు అతికించింది. తర్వాత పుష్పాబాయిని పక్కన కూర్చోబెట్టుకుని సైటు తెరిచింది. ఫకీరా పేరు కనిపించింది. దాని పక్కన ఉన్నది చదివి వినిపించింది. నిన్న పదకొండు గంటలకు పిలిచారట. రైతు రాలేదట. టోకెన్ క్యాన్సిలట.

"నిన్న పదకొండు గంటలకు ఆయన గేటు కాడనే ఉన్నడు బిడ్డా" అంది పుష్పాబాయి. "నేనే అన్నం తీస్కపోయిన."

అట్లా రాలేదని రాసి ఉన్నవాళ్లు పదిహేడు మంది తేలారు. పదిహేడు మందీ వరుసలోనే ఉన్నారు. పిలిచినవాడు ఎవడు, ఎక్కడి నుంచి పిలిచాడు, ఏ నోటితో పిలిచాడు? నవనీత అన్నీ ప్రింట్లు తీసి, పుష్పాబాయినీ మిగతావాళ్లనూ వెంటబెట్టుకుని మిల్లుకు నడిచింది.

కాగితాలు చూడగానే భాస్కర్ మొహం మారింది. "ఇవి మిల్లు లోపలి ముచ్చట్లు. బయటోళ్లు చూడొద్దు. నమ్మి ఇస్తే ఇదా మేడం మీరు చేసేది?"

ఫకీరా నాలుగు రోజుల్లో మొదటిసారి ట్రాక్టర్ దిగి వచ్చి, తన పేరు మీద వేలు పెట్టాడు. "నేను రాలేదని రాసిన్రు గదా సారు. ఆ ముచ్చట నాకు తెల్వొద్దా?"

భాస్కర్ కిటికీ వైపు చూశాడు. బయట మనుషులు చేరుతున్నారు. ఫకీరా బండిని లోపలికి రమ్మన్నారు. వడ్ల మీద కప్పిన పట్టా తీసి చెయ్యి పెడితే వడ్లు కాలుతున్నాయి. అడుగు దాకా తవ్వి చూస్తే తెల్లటి మొలకలు. మిల్లు మనిషి ఒక పిడికెడు తీసి చూసి, ఇవి తీసుకోలేమని తల అడ్డంగా ఊపాడు. పుష్పాబాయి ట్రాలీ చక్రం పక్కనే కూలబడింది.

భాస్కర్ వెళ్లి కంప్యూటర్‌లో ఏదో కొట్టడం కిటికీలోంచి నవనీత చూసింది. నేరుగా లోపలికి వెళ్లి, తెరను రెండు చేతులతో పట్టుకుని కిటికీ వైపు తిప్పింది.

"తీగ ఊడిపోతది మేడం."

"ఊడనీ."

తిరస్కరణకు కారణం అన్న గడిలో, రైతు ఆలస్యంగా వచ్చాడు అని ఉంది. నవనీత దాన్ని బయట ఉన్నవాళ్లందరికీ వినబడేలా చదివింది. వరుసలోని రైతులు ఒక్కొక్కరే ట్రాక్టర్లు దిగి వచ్చి కిటికీ ముందు నిలబడ్డారు. భాస్కర్ వాళ్లను చూసి, రాసింది చెరిపేశాడు.

"ఏం రాయమంటరు?" అని అడిగాడు.

పుష్పాబాయి లేచి కిటికీ దగ్గరికి వచ్చింది. "మా ఆయన గాడనే ఉండె, మీరు పిలవలేదు. గదే రాయి."