సెలైన్ వద్దన్న సారు

మా జువాలజీ సారు పోయారన్న కబురు నాకు ఫోనులో రాలేదు. సిద్దిపేట బస్టాండు ఎదురుగా కట్టిన ఫ్లెక్సీ చెప్పింది. అందులో సారు ఫొటో పాస్‌పోర్టు సైజులో ఓ మూలన ఉంది. ఆయన బామ్మర్ది మాత్రం తెల్లచొక్కా వేసుకుని, రెండు చేతులు జోడించి, నిలువెత్తున నిలబడ్డాడు. పోయింది ఈయనే కాబోలు అనుకున్నాను ముందు. కింద రాసింది చదివితే పోయింది సారని తెలిసింది.

బతికుంటే ఆ ఫ్లెక్సీని సారు ఒక్క చూపుతో దింపించేవారు. ఆయన ఎవరినీ తిట్టేవారు కాదు. తెలివితక్కువ మాట వినపడితే కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ, అవతలివాళ్లు ముగించేదాకా ఊరుకునేవారు. మళ్లీ పెట్టుకునేసరికి మాట్లాడినవాళ్లకే సిగ్గేసేది. డిగ్రీ మూడేళ్లూ నాకు ఎక్కువగా దక్కింది ఆ తుడుపే. ఈరోజు నేను నా విద్యార్థులకు నాలుగు మాటలు సూటిగా చెప్పగలుగుతున్నానంటే దాని చలవే.

ల్యాబులో ఒకసారి కప్ప గుండెకు దారం కట్టి సన్నటి పుల్లకు తగిలించారు. గుండె కొట్టుకున్నప్పుడల్లా పుల్ల ఎగిరేది. సారు దారాన్ని కొంచెం గుంజారు. పుల్ల వేగం పెరిగింది. ఇంకాస్త గుంజితే వరస తప్పి, మధ్యలో అదనపు దెబ్బలు పడ్డాయి. మందు వేయలేదు, కరెంటు పెట్టలేదు, ఊరికే గుంజారంతే. ఎందుకలా అవుతుందని అడిగాను.

"కండ సాగితే దాని పొరలల్ల ఉన్న సన్న తలుపులు తెరుసుకుంటయి బిడ్డా. రావొద్దన్న టైముల కరెంటు లోపలికొస్తది. గుండెకు తెల్సింది కొట్టుడే గద, కొడ్తది."

రిటైరయ్యాక ఆ పాఠం ఆయన ఒంట్లోకే వచ్చింది. గుండెలో ఒక కవాటం సరిగా మూసుకోక, ముందుకు పోవలసిన రక్తం వెనక్కి తన్ని, పై గది సాగిపోయింది. దాంతో లయ తప్పింది. హైదరాబాదు డాక్టరు ఉప్పు తగ్గించమన్నారు, నీళ్లు కొలిచి తాగమన్నారు. ఒంట్లో నీరు పెరిగితే గది ఇంకా సాగుతుంది, సాగితే లయ ఇంకా చెడుతుంది. సారు తన మణికట్టు నా చేతికిచ్చి, అచ్చం మన కప్ప లెక్కనే ఉంది చూడమని నవ్వారు. నాకు ఏడుపొచ్చింది.

ఇంత సులువైన సంగతి చుట్టాల బుర్రకు ఎక్కలేదు. ఒకరు దిష్టి అన్నారు, ఒకరు టెన్షన్ అన్నారు, చేర్యాల నుంచి వచ్చినవాళ్లు జాడీ నిండా ఉప్పు దట్టించిన మామిడికాయ తొక్కు తెచ్చారు. అందరిలోకీ ఘనుడు బామ్మర్ది. ప్లాట్ల వ్యాపారంలో పైకొచ్చాడు కాబట్టి గుండెల గురించి కూడా తెలిసినవాడైపోయాడు. మనిషి నీరసంగా కనిపిస్తే సెలైన్ ఎక్కించాలి. ఆయనకు తెలిసిన వైద్యం అదే, ఆప్యాయతా అదే. జ్వరానికి సెలైన్, అలకకు సెలైన్, ఎలక్షన్లు అయిపోయాక కార్యకర్తలకు సెలైన్. సీసా వేలాడితే తప్ప ఆయనకు బంధుత్వం కనపడదు. అందుకే సారు ఇంట్లో అందరికీ ముందే చెప్పి పెట్టారు.

"నేను పడిపోతే దవాఖానకు తీస్కపోండ్రి. ఇంట్ల మాత్రం నాకు బాటిల్ వెట్టనియ్యకుండ్రి."

మొన్నటి ఎండల్లో సారు నిజంగానే సొమ్మసిల్లారు. సారు భార్యను మేమంతా అమ్మ అనే పిలుస్తాం. ఆ రోజు అమ్మ వర్గల్ గుడికి వెళ్లింది, ఇంట్లో ఉన్నది బామ్మర్ది. తనకు తెలిసిన ఆరెంపీ డాక్టరును పిలిపించి, కిటికీ ఊచకు సీసా కట్టించి, ధార వేగంగా వదలమన్నాడు. అమ్మ తిరిగొచ్చేసరికి రెండో సీసా నడుస్తోంది, సారు ఊపిరికి కొట్టుకుంటున్నారు. ఆమె మొత్తుకుంటే, "నీకేం తెల్వదక్కా, బావకు తాకత్ రావాలె" అన్నాడట. దవాఖానకు చేర్చేసరికి ఊపిరితిత్తుల నిండా నీరు చేరింది, గుండె లయ ఎవరికీ అందకుండా పోయింది. ఆ సీసాలే చంపాయని నేను రాయను, నేను డాక్టరును కాను. వద్దన్న మనిషికి ఎక్కించారని మాత్రం రాస్తాను.

సంతాప సభలో బామ్మర్ది మైకు పట్టుకుని, చివరి గంటల్లో తన చేతులతోనే బావకు సెలైన్ పట్టానని గద్గదంగా చెప్పాడు. జనం చప్పట్లు కొట్టారు. సంతాప సభలో చప్పట్లు. సారు లేని లోటు నాకు ఆ హాల్లో తెలిసింది.

పదో రోజు అమ్మ కళ్లు తిరిగి గోడకు ఆనుకుంది. సరిగా తింటే కదా. బామ్మర్ది క్షణాల మీద అదే ఆరెంపీతో దిగాడు. అదే ఊచకు సీసా కట్టించాడు. ఆరెంపీ సూది కవరు చింపేలోపు అమ్మ లేచింది. సీసా విప్పి, గొట్టం పీకేసి, వాకిట్లోకి నడిచింది. బంతిమొక్కల దగ్గర కాసేపు ఆగింది. ఏం చేస్తున్నావని తమ్ముడు వెనకే వచ్చి అడిగాడు.

"చెట్లకు పోస్దామనుకున్న. ఉప్పు నీళ్లు గద, పాపం గవి సస్తయి."

గడప దిగి, ఇంటి ముందు మురుగు మోరీలోకి సీసా వంచింది. బుడగలు బుడగలుగా అది ఖాళీ అయ్యేదాకా, తమ్ముడి ముఖంలోకే చూస్తూ నిలబడింది.